నవంబరు 1న అత్తిబెలెలో ఏం జరిగింది?

ఏటా నవంబరు 1న బెంగళూరు నుంచి హోసూరు వెళ్లే దారిలో ఎరుపు, పసుపు జెండాలు కనిపిస్తాయి. ఆ రోజు కన్నడ రాజ్యోత్సవం. దారిలో కర్ణాటక వైపు చివరి ఊరు అత్తిబెలె. అది దాటి జూజువాడిలో అడుగు పెడితే తమిళనాడు. అక్కడ ఆ పండుగ లేదు. పత్రికల్లో వచ్చే ‘చరిత్రలో ఈ రోజు’ శీర్షికలో నవంబరు 1 కింద తప్పకుండా ఉండే వాక్యం ఒకటుంది: 1956లో భాషల ప్రాతిపదికన రాష్ట్రాలు ఏర్పడ్డాయని. ఇది చదివి, జెండాలు ఎక్కడ ఆగిపోతున్నాయో చూసినవారు ఈ సరిహద్దు కూడా ఆ రోజే పుట్టిందనుకుంటారు. నిజం వేరు. 1956 అక్టోబరు 31న హోసూరు తాలూకా మద్రాసు రాష్ట్రంలో, సేలం జిల్లాలో ఉంది. మర్నాడు కూడా అక్కడే ఉంది. అత్తిబెలె ఉన్న ఆనేకల్ తాలూకా ముందు రోజూ మైసూరు రాష్ట్రంలోనే, బెంగళూరు జిల్లాలోనే ఉంది, మర్నాడూ అంతే. దేశపటం అంతా తిరగరాసిన రోజున ఇక్కడి గీత మాత్రం కదల్లేదు. అత్తిబెలెకు సంబంధించి నవంబరు 1న చెప్పుకోవాల్సింది ఆ రోజు జరగనిదాని గురించే.

ఆ గీత ఎప్పటిదో తెలియాలంటే 1799 దాకా వెనక్కి వెళ్లాలి. ఆ ఏడాది మే 4న శ్రీరంగపట్నం కోట పడిపోయింది, టిప్పు సుల్తాన్ యుద్ధంలో చనిపోయాడు. ఈ తేదీ అన్ని జాబితాల్లోనూ ఉంటుంది. కోట పడిన ఏడు వారాలకు, జూన్ 22న, ఈస్టిండియా కంపెనీ, నిజాం కలిసి మైసూరు రాజ్యాన్ని పంచుకుంటూ ఒప్పందం రాసుకున్నారు. ఈ తేదీ మాత్రం ఎక్కడా కనపడదు. సేలం, బారామహల్ ప్రాంతాలు 1792లోనే కంపెనీ చేతికి పోయాయి. మిగిలిన హోసూరు ప్రాంతం 1799లో పోయింది. మైసూరు పాత రాజవంశమైన ఒడయార్లకు తిరిగి అప్పగించిన రాజ్యంలో ఆనేకల్ మిగిలింది. ఇప్పుడు అత్తిబెలె దగ్గర మనం దాటే సరిహద్దు దాదాపుగా ఆ పంపకంలో తేలినదే. మైసూరు యుద్ధాల పంపకాల్లో నిజాంకు దక్కిన భాగాలను ఆయన 1800లో సైన్యం ఖర్చు కింద కంపెనీకే ఇచ్చేశాడు. అవే దత్తమండలాలు. 1928 నంద్యాల సభ తర్వాత వాటికి రాయలసీమ అన్న పేరు స్థిరపడింది. అంటే రాయలసీమ తెలుగువారు, హోసూరు తెలుగువారు వేరు వేరు జిల్లాల వాళ్లు కావడంలో ఆ పంపకాలకు చాలా పాత్ర ఉంది. చావు తేదీని గుర్తుపెట్టుకుని పంపకం తేదీని వదిలేయడం తేదీల జాబితాలకు అలవాటే. చావులో కథ ఉంటుంది, ఒప్పందంలో తాలూకాల పేర్లు తప్ప ఏముంటాయి?

నేను చెప్పదలుచుకున్నది ఇదే. ఒక తేదీ గొప్పదా కాదా అని తేల్చడానికి ఆ రోజు ఎంత పెద్ద ప్రకటన వెలువడిందన్నది సరైన కొలత కాదు. ‘ఆ రోజుకు ముందు ఈ చోట ఎలా ఉండేది, తర్వాత ఏం మారింది?’ అని అడగాలి. ఇలా అడిగితే మనం గొప్పవనుకుంటున్న కొన్ని తేదీలు కొన్ని ఊళ్లలో తేలిపోతాయి. ఎవరూ పట్టించుకోని కొన్ని తేదీలకు బరువు వస్తుంది.

1956నే తీసుకుందాం. రాష్ట్రాల పునర్విభజన ఒక్క రోజులో జరిగిన పని కాదు. పొట్టి శ్రీరాములు 1952 అక్టోబరు 19న మద్రాసులో నిరాహారదీక్ష మొదలుపెట్టి డిసెంబరు 15 రాత్రి కన్నుమూశారు. నాలుగు రోజులకు నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ఇస్తామని ప్రకటించారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆ రాష్ట్రం వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో ఫజల్ అలీ కమిషన్‌ను వేశారు, 1955 సెప్టెంబరు చివర్లో నివేదిక చేతికి వచ్చింది, మరుసటి ఏడాది ఆగస్టు 31న చట్టమైంది. నవంబరు 1 ఈ వరసలో ఆఖరిది, చట్టం అమల్లోకి వచ్చిన రోజు. ఆ చట్టం కోయంబత్తూరు జిల్లాలోని కొల్లేగాల తాలూకాను మైసూరులో కలిపింది. దక్షిణ కన్నడను కలిపింది. గుల్బర్గా, రాయచూరు, బీదర్ ప్రాంతాలు హైదరాబాదు రాష్ట్రం నుంచి వచ్చాయి. ఈ ఊళ్లన్నిటిలో నవంబరు 1కి నిజంగా అర్థం ఉంది. తెలుగు, కన్నడం, తమిళం ఒకే వీధిలో వినపడే హోసూరు లాంటి చోట మాత్రం భాష ఆధారంగా గీత గీయడం అంత సులువు కాదు. గీయలేదు కూడా. 1960 ఏప్రిల్ 1న పటాస్కర్ సూత్రం ప్రకారం ఆంధ్రప్రదేశ్, మద్రాసు కొన్ని గ్రామాలు ఇచ్చిపుచ్చుకున్నాయి. తిరుత్తణి మద్రాసుకు పోయింది, సత్యవేడు ఆంధ్రప్రదేశ్‌కు వచ్చింది. హోసూరు అప్పుడూ కదల్లేదు.

గీత కదలనందువల్ల ఎవరికేమైందంటే, పిల్లలకైంది. అటూ ఇటూ తెలుగు మాట్లాడే కుటుంబాలు బంధుత్వాలు కలుపుకుంటూనే ఉన్నాయి, పిల్లల బడులే విడిపోయాయి. తమిళనాడు 2006లో తమిళాన్ని తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. ఒకటో తరగతితో మొదలై ఏటా ఒక తరగతి చొప్పున ఎక్కుతూ 2015-16 నాటికి అది పదో తరగతికి చేరింది. హోసూరు వైపు తెలుగు మాధ్యమంలో చదివే పిల్లలు పరీక్షలో మొదటి భాషగా తమిళం రాయాలన్నారు. మినహాయింపుల కోసం కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. కర్ణాటక కూడా 2015లో కన్నడాన్ని తప్పనిసరి చేసే చట్టం తెచ్చింది. అందువల్ల జూజువాడిలో ఉన్న తెలుగు పిల్లవాడికి తమిళం, కూతవేటు దూరంలో అత్తిబెలెలో ఉన్న వాడి మేనమామ కొడుక్కి కన్నడం. రాష్ట్ర భాష నేర్చుకోవడం మంచిదే, బతకడానికి అవసరం కూడా. కానీ ఈ తేడా భాషాప్రయుక్త రాష్ట్రాల నుంచి వచ్చిందనడం సగం మాటే. 1799లో పన్నుల లెక్కలు చూసుకుని చేసిన పంపకాన్ని 1956 చెరపకుండా వదిలేసింది, తర్వాత వచ్చిన భాషా చట్టాలు ఆ పంపకం మీదే నిలబడ్డాయి. ఇంత జరిగినా 2024 జూన్‌లో కృష్ణగిరి ఎంపీ కె. గోపీనాథ్ లోక్‌సభలో తెలుగులో ప్రమాణం చేశారు. ఈ ప్రాంతపు భాష గురించి ఏ జాబితా కన్నా ఆ ప్రమాణమే స్పష్టంగా చెప్పింది.

తేదీలకు అర్థం దానంతట అదే పుట్టదు, ఎవరో ఇస్తారు. నవంబరు 1 చరిత్రే దీనికి సాక్ష్యం. 2014 విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కొన్నేళ్లు ఆ రోజును రాష్ట్ర అవతరణ దినంగా జరపలేదు. 2019లో కొత్త ప్రభుత్వం వచ్చి మళ్లీ మొదలుపెట్టింది. తెలంగాణవాదులు ఒకప్పుడు అదే రోజును విద్రోహ దినంగా పాటించారు, ఇప్పుడు వారి రాష్ట్ర పండుగ జూన్ 2. తమిళనాడు 2019లో నవంబరు 1ని తమిళనాడు దినోత్సవం అంది. రెండేళ్లకే మరో ప్రభుత్వం దాన్ని జూలై 18కి మార్చింది, 1967లో అన్నాదురై కాలంలో రాష్ట్రం పేరు మార్పు తీర్మానం శాసనసభలో నెగ్గిన రోజు కాబట్టి. సెప్టెంబరు 17 సంగతి ఇంకా చిత్రం. 1948లో హైదరాబాదు సంస్థానం భారత సైన్యానికి లొంగిన ఆ రోజును కేంద్రం విమోచన దినం అంటుంది. తెలంగాణలో ఒక ప్రభుత్వం సమైక్యతా దినం అంది, తర్వాతిది ప్రజాపాలన దినోత్సవం అంది. జరిగింది ఒక్కటే, పేరు ఏ జెండా ఎగరేస్తున్నారన్నదాన్ని బట్టి మారింది. కనుక నాయకుల చేతుల్లోని తేదీలు తెలిసినంత మాత్రాన చరిత్ర తెలిసినట్టు కాదు.

మరి అత్తిబెలెలో నిజంగా ఏదైనా మారిన రోజులు ఏవి? 2016 సెప్టెంబరు 12 ఒకటి. కావేరీ నీటిపై సుప్రీంకోర్టు ఉత్తర్వులతో బెంగళూరులో అల్లర్లు చెలరేగి, తమిళనాడు బస్సులు తగలబడ్డాయి. రెండు వైపులా బస్సులు సరిహద్దులోనే ఆగిపోయాయి. మూటలు, పిల్లలతో జనం అత్తిబెలె నుంచి జూజువాడికి నడిచి వెళ్లారు. మామూలుగా ఎవరికీ గుర్తుకు రాని గీత ఆ రోజుల్లో గోడలా నిలబడింది. దీనికి సరిగ్గా ఎదురు 2017 జూలై 1. జీఎస్టీ అమలుతో రాష్ట్రాల మధ్య వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు ఎత్తేశారు. జీఎస్టీ అనగానే అందరికీ గుర్తొచ్చేది పార్లమెంటు సెంట్రల్ హాల్లో అర్ధరాత్రి జరిగిన సభ. కాగితాలు చూపించడానికి లారీలు బారులు తీరి ఆగే అత్తిబెలెలాంటి చోట్లే దాని మొదటి ఫలితం కనబడింది. లారీ డ్రైవర్‌ను అడిగితే 1956 కంటే 2017ని ముందు చెబుతాడు. అతని లెక్క తప్పని నేననను.

ఇక 2023 అక్టోబరు 7. ఆ తేదీ వినగానే ప్రపంచమంతటికీ గుర్తొచ్చేది ఇజ్రాయెల్ మీద హమాస్ దాడి. ఆ దాడిలో పన్నెండు వందల మంది దాకా చనిపోయారు, వెంట వచ్చిన యుద్ధం గాజాలో వేల మందిని పొట్టనపెట్టుకుంది. రాబోయే వందేళ్లూ ఆ తేదీ కింద మొదటి వాక్యం అదే ఉంటుంది. అదే శనివారం మధ్యాహ్నం అత్తిబెలెలో హైవే పక్కన ఒక టపాసుల దుకాణం, గోదాము తగలబడింది. దీపావళికి ఇంకా నెల రోజుల పైనే ఉంది, సరుకు అప్పుడప్పుడే దించుకుంటున్నారు. మొదటి లెక్కకే పద్నాలుగు మంది చనిపోయారు. తర్వాతి రోజుల్లో ఆస్పత్రిలో మరికొందరు పోయారు. చాలామంది తమిళనాడు నుంచి పండుగ సీజన్ కూలికి వచ్చిన కుర్రవాళ్లు. ధర్మపురి, కళ్లకురిచ్చి వంటి జిల్లాల పల్లెలకు ఒకే రోజు పలు శవాలు చేరాయి. కర్ణాటక ప్రభుత్వం దర్యాప్తును సీఐడీకి ఇచ్చింది. సభల్లో, ఊరేగింపుల్లో, పెళ్లిళ్లలో టపాసులు కాల్చకూడదని ప్రకటించింది.

ఆ ప్రమాదం సరిహద్దు ఊళ్లో జరగడం కూడా కాకతాళీయం కాదు. సరుకు శివకాశి నుంచి వస్తుంది, కొనేవాళ్లు బెంగళూరు నుంచి దిగుతారు, కూలీలు తమిళనాడు జిల్లాల నుంచి ఎక్కుతారు. వీళ్లందరూ కలిసేది ఈ హైవే మీద, సరిహద్దు దగ్గర. 1799 గీత, 2017లో సులువైన రవాణా, దీపావళి బేరం, ఇవన్నీ ఆ మధ్యాహ్నం ఒక్క చోట ఉన్నాయి. శివకాశి దగ్గర ముదలిపట్టిలో 2012 సెప్టెంబరు 5న పేలుడు జరిగి నలభై మంది దాకా చనిపోయారు. అది ఉపాధ్యాయ దినోత్సవం నీడలో పడిపోయింది. అత్తిబెలె గాజా నీడలో పడింది.

ఇక్కడ కొందరు గట్టిగానే అడ్డం వస్తారు. పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు నవంబరు 1 కావాలి, జూన్ 22తో ఏం పని అంటారు. వాళ్లకు మార్కులు కావాలి, నిజమే. కానీ ‘1956లో భాషల వారీగా రాష్ట్రాలు ఏర్పడ్డాయి’ అని మాత్రమే చదివిన విద్యార్థి కొల్లేగాల ఎందుకు కదిలింది, హోసూరు ఎందుకు కదల్లేదు అంటే తెల్లమొహం వేస్తాడు. వాడికి చరిత్ర వచ్చిందని ఎలా అనగలం? మరికొందరిది ఇంకా బలమైన అభ్యంతరం. పన్నెండు వందల చావులను అత్తిబెలె చావుల పక్కన పెట్టడం అన్యాయమంటారు. నేను పక్కన పెట్టడం లేదు. ప్రపంచ జాబితాలో హమాస్ దాడి ముందుండాల్సిందే, ఆ కొలత సరైనదే. కాకపోతే ప్రపంచ జాబితా ఒక్కటే జాబితా కానక్కర్లేదు. ఇళ్లలో తద్దినం పెట్టుకునేటప్పుడు జాతీయ నాయకుడి తిథి చూసి ఎవరూ పెట్టరు, తమ వాళ్ల తిథి చూసి పెట్టుకుంటారు. ఊరికీ అలాంటి హక్కు ఉంది. మూడో అభ్యంతరమూ ఉంది: ఊరికో తేదీ పెట్టుకుంటే దేశానికి ఉమ్మడి జ్ఞాపకం మిగలదని. ఈ భయంలో కొంత నిజముంది. సరిహద్దు ఊళ్లలో స్థానిక జ్ఞాపకం తేలిగ్గా స్థానిక పగగా మారుతుంది, 2016లో చూశాం కదా. అందుకే పగ రేపే తేదీల కన్నా పనికొచ్చే తేదీలను ముందు పెట్టుకోమంటాను. అక్టోబరు 7 అత్తిబెలెకు అటువంటిది. దాన్ని గుర్తుపెట్టుకుంటే ఏ భాష వారికీ కోపం రాదు. చనిపోయింది తమిళ పల్లెల పిల్లలు, మంట చూసింది అన్ని భాషల జనం.

ఆ తేదీకి ఇంకో ప్రయోజనం కూడా ఉంది. దీపావళి తిథిని బట్టి అక్టోబరు మధ్య నుంచి నవంబరు మధ్య వరకు జరుగుతూ ఉంటుంది. సరుకు దింపడం, నిల్వ చేయడం మాత్రం అంతకు ముందే మొదలవుతుంది. కనుక పండుగ నాడు చేసే తనిఖీ ఆలస్యమైన తనిఖీ. లైసెన్సులో రాసిన బరువుకూ గోదాములో ఉన్న బరువుకూ పోలిక ఉందో లేదో, మంట వస్తే పారిపోవడానికి రెండో దారి ఉందో లేదో, పని చేస్తున్న కుర్రవాళ్ల వయసెంతో అక్టోబరు మొదటి వారంలోనే చూడాలి. పురసభ అధికారులకూ అగ్నిమాపక శాఖకూ ఇదొక సిద్ధంగా ఉన్న తారీఖు. అత్తిబెలె, ఆనేకల్, హోసూరు బడుల్లో తేదీల బోర్డు రాసే ఉపాధ్యాయులకు ఒక మనవి: ఈ అక్టోబరు 7న ప్రపంచ సంగతి రాశాక, దాని కింద మీ ఊరి సంగతి కూడా ఒక వరుస రాయండి, టపాసుల దుకాణంలో సీజన్ పనికి వెళ్లబోతున్న పదో తరగతి పిల్లలు ముందు బెంచీలో కూర్చుని ఆ వరుస చదివేలా చూడండి.