మొగ దాటే నావకు ఇంజన్

వైనతేయ గోదావరి బంగాళాఖాతంలో కలిసే చోట, కోనసీమ జిల్లా అల్లవరం మండలంలో ఉన్న ఓడలరేవు నుంచి వేటకు వెళ్లే పడవకు రెండు రకాల నీళ్లతో పని పడుతుంది. పోటుకూ పాటుకూ దిశ మార్చుకుంటూ లోతు తక్కువగా పారే నది ఒకటైతే, ఆ నది తెచ్చిన ఇసుక మేట వేసిన మొగ దగ్గర విరిగిపడే కెరటాలు రెండోవి. తెరచాపతో, తెడ్డుతో, గెడతో తరతరాలుగా ఈ నీళ్లకు అలవాటుపడిన పడవలో ఇంజన్ అమర్చాలనుకున్నవారికి ఇంజన్ సంపాదించడం పెద్ద కష్టం కాలేదు. దాన్ని పడవలో ఎలా కూర్చోబెట్టాలి, దానితో పడవను ఎలా తిప్పాలి అన్నవే అసలు చిక్కులయ్యాయి.

పాత వాహనంలో కొత్త ఇంజన్ అమర్చడానికి అందరికీ తెలిసిన ఉదాహరణ అంబాసిడర్ కారు. బ్రిటన్‌కు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాపై హిందుస్థాన్ మోటార్స్ వారు ఉత్తరపారాలో తయారుచేసిన ఈ కారు దశాబ్దాల తరబడి 1,489 ఘనపు సెంటీమీటర్ల ఇంజన్‌తో నడిచి, 1990ల తొలినాళ్లలో జపాన్‌కు చెందిన ఇసుజు రూపొందించిన 1,817 ఘనపు సెంటీమీటర్ల ఇంజన్‌నూ ఐదు గేర్ల గేర్‌బాక్స్‌నూ అందుకుంది. తర్వాతి మోడళ్లలో పవర్ స్టీరింగ్ కూడా వచ్చింది. అయితే అంబాసిడర్ బానెట్ కింద మొదటినుంచీ ఒక ఇంజన్ ఉండేది కనుక దాని బరువు మోసే చోటు, వెనక చక్రాలకు శక్తిని చేరవేసే దారి అప్పటికే సిద్ధంగా ఉన్నాయి. పడవలో అలాంటి చోటే లేదు. ఇంజన్ అదురు ఎలా ఉంటుందో ఏనాడూ ఎరగని కట్టడంలోకి దాన్ని తీసుకురావలసి వచ్చింది.

ఆంధ్ర తీరంలో ఆ కట్టడాలు కూడా ఒక్క తీరుగా లేవు. దుంగలను పక్కపక్కన పేర్చి కట్టిన తెప్ప ఉత్తరాంధ్రలో ఎక్కువ. కొబ్బరి పీచు తాళ్లతో పలకలను కుట్టిన పడవ మరొక రకం. దానిలో మేకులు ఉండవు, లోపల పక్కటెముకల వంటి అడ్డకర్రలూ ఉండవు. గోదావరి, కృష్ణా డెల్టాల్లో వాడుకలో ఉన్న నావను మాత్రం అడ్డకర్రలు నిలిపి, వాటికి పలకలను మేకులతో బిగించి కడతారు. కుట్టుపడవ గొప్పతనమంతా దాని సాగుడులోనే ఉంది: కెరటం ఎత్తి ఇసుక మీద పడేసినా పలకలు కొద్దిగా కదిలి దెబ్బను పంచుకుంటాయే తప్ప విరగవు. ఇంజన్‌కు సరిపడనిది సరిగ్గా ఆ గుణమే, ఎందుకంటే ఇంజన్ నుంచి ప్రొపెల్లర్‌కు వెళ్లే ఇనుప కడ్డీ, అంటే షాఫ్టు, ఒకే వరుసలో నిలవాలంటే దాని కింద ఉన్నది కదలకూడదు. పైగా నిమిషానికి 3,000 సార్లు తిరిగే ఒంటి సిలిండర్ డీజిల్ ఇంజన్‌లో ప్రతి రెండు చుట్లకు ఒకసారి ఇంధనం మండుతుంది, అంటే సెకనుకు 25 కుదుపులు పడవను తాకుతాయి. మేకులు బిగించిన నావలోనైనా ఆ అదురును ఒకటి రెండు పలకలకే వదిలేస్తే సందుల్లో కూరిన పీచు వదులై నీరు ఊరుతుంది కనుక, పొడవాటి రెండు దూలాలను అడ్డకర్రలన్నిటి మీదుగా పరచి వాటిపై ఇంజన్‌ను నిలపవలసి ఉంటుంది.

ఎంత శక్తి కావాలన్న ప్రశ్నకు సమాధానం చెప్పిన శాస్త్రం ఇంగ్లండులో పుట్టింది. 1870లలో విలియం ఫ్రౌడ్ టార్క్వేలో నీటితొట్టి కట్టించి, చిన్న నమూనా ఓడలను అందులో లాగి నీటి నిరోధాన్ని కొలిచాడు. నీటిని చీల్చుకుంటూ పోయే పడవ తన ముందు లేపే అల పొడవు వేగంతోపాటు పెరుగుతూ వచ్చి, అది పడవ పొడవును అందుకున్నాక ఆ పడవ తాను లేపిన అలనే ఎక్కుతున్నట్టు అయిపోతుంది. నీటిమట్టం దగ్గర 7.5 మీటర్ల పొడవున్న నావకు ఆ హద్దు గంటకు సుమారు 12 కిలోమీటర్లు. దానికి లోపలి వేగాల్లోనే వేగం రెట్టింపు చేయడానికి దాదాపు ఎనిమిది రెట్ల శక్తి పడుతుంది, హద్దు దగ్గర అది ఇంకా ఎగబాకుతుంది. అందుకే వేటపడవకు పది హార్స్‌పవర్‌కు అటూ ఇటూగా ఉన్న ఇంజన్ చాలు; అంతకు మించినది డీజిల్ తాగుతుందే గాని ఇంటికి తొందరగా చేర్చదు.

దిశ మార్చే పని మరింత కఠినమైనది. చుక్కాని తనంతట తాను ఏమీ చేయలేదు. తన మీదుగా నీరు పారితేనే అది పడవ వెనక భాగాన్ని పక్కకు నెట్టగలదు, ఆ తోపు నీటి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. మొగ దగ్గర వెనకనుంచి వచ్చే కెరటం పడవను అందుకున్నప్పుడు కెరటం తలలోని నీరు కూడా పడవతోపాటే ముందుకు పోతుంది కనుక చుక్కాని మీద ప్రవాహం దాదాపు నిలిచిపోతుంది. సరిగ్గా అవసరమైన క్షణంలో పట్టు తప్పి, నావ కెరటానికి అడ్డం తిరిగి బోల్తా పడే ప్రమాదం అక్కడే ఉంది. పాతకాలపు వేటగాళ్లు వెనక పొడవాటి తెడ్డు పట్టుకుని నిలబడేది ఇందుకే: తెడ్డుకు పడవ వేగంతో పనిలేదు, చేతిబలమే నీటిని కదిలిస్తుంది. ఆ తెడ్డును మొరటు పనిముట్టుగా చూసినవారు దానిలోని తెలివిని గమనించలేదు.

ఇంజన్ వచ్చాక మరో చిక్కు తలెత్తింది. పడవ అడుగున వేలాడే ప్రొపెల్లర్‌కు లోతు కావాలి, మొగలో ఉన్నది ఇసుక. స్వీడన్ సహాయంతో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఆధ్వర్యంలో 1979లో మొదలై, మద్రాసు కేంద్రంగా పనిచేసిన బంగాళాఖాత పథకం ఈ చిక్కునే చేపట్టి, ఇసుక తీరాల్లో దిగగల పడవలను రూపొందించి తూర్పు తీరంలో పరీక్షించింది. బాబ్ డ్రైవ్ అని పేరుబడిన దాని అమరికలో ఇంజన్, షాఫ్టు, ప్రొపెల్లర్ ఒకే ముక్కగా ఒక ఇరుసు మీద ఊగుతాయి. నీరు లోపలికి రాకుండా షాఫ్టు బయటికి వెళ్లే చోట సాగే రబ్బరు తొడుగు ఉంటుంది. ఒడ్డు దగ్గర పడగానే ప్రొపెల్లర్‌ను పైకి లేపితే పడవ అడుగు నేరుగా ఇసుక మీదికి జారుతుంది. ఇంజన్‌ను కదలకుండా బిగించాలన్న మొదటి సూత్రాన్ని పక్కనపెట్టి, కదిలేదంతా ఒక్కటిగా కదిలేలా చేయడం ఇందులోని ప్రతిభ.

థాయిలాండ్ వంటి ఆగ్నేయాసియా దేశాల్లో వాడుకలోకి వచ్చిన లాంగ్‌టెయిల్ ఇంజన్ ఇదే పనిని ఇంకా తేలికగా చేసింది. పంపుసెట్లకూ మూడు చక్రాల ఆటోలకూ వాడే రకం, గాలితోనే చల్లబడే చిన్న డీజిల్ ఇంజన్‌ను పడవ వెనక అంచున తిరిగే కొయ్య మీద నిలిపి, దాని నుంచి పొడవాటి గొట్టంలో షాఫ్టును నీటిలోకి దించుతారు. వేరే చుక్కాని అక్కరలేదు. పిడి పట్టుకుని ఇంజన్‌నే తిప్పితే తోపు తిరుగుతుంది, పడవ నిలిచి ఉన్నా తిరుగుతుంది. ఇసుక తగలబోతే పిడిని కిందికి నొక్కగానే ప్రొపెల్లర్ నీటిపైకి తేలుతుంది. శతాబ్దాలుగా తెడ్డు చేసిన పనే ఇప్పుడు ఇంజన్ బలంతో జరుగుతోంది కనుక, మొగ దాటడంలో ఆరితేరిన చేతికి ఇది త్వరగా పట్టుబడింది. ఈలోగా చెక్క నావల చోటును ఫైబర్ పడవలు ఆక్రమించాయి. కుట్టుపడవ తట్టుకోలేని అదురును అతుకుల్లేని ఫైబర్ తొడుగు తట్టుకుంటుంది.

లాంగ్‌టెయిల్‌కు ఒక లోపం ఉంది, దాని మీద జరగవలసినంత చర్చ జరగలేదు. వేగం తగ్గించే గేరు లేకుండా షాఫ్టును ఇంజన్‌కు నేరుగా కలిపితే ప్రొపెల్లర్ కూడా అంతే వడిగా తిరగాలి కనుక చిన్నదిగా ఉండక తప్పదు. కొద్ది నీటిని చాలా వేగంగా తోయడం కంటే ఎక్కువ నీటిని నెమ్మదిగా తోస్తే అదే డీజిల్‌కు ఎక్కువ తోపు వస్తుంది, ఎందుకంటే తోపు నీటి వేగాన్ని బట్టి పెరిగితే ఖర్చయ్యే శక్తి ఆ వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. మత్స్యకారుల డీజిల్‌కు ప్రభుత్వం రాయితీ ఇస్తోంది. పడవల ఆధునికీకరణకు 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కూడా సహాయం చేస్తోంది. అటువంటి సహాయం ఇచ్చేటప్పుడు ఇంజన్ హార్స్‌పవర్‌తోపాటు సగం వేగానికి తగ్గించే గేరును, దానికి తగిన పెద్ద ప్రొపెల్లర్‌ను కూడా లెక్కలో చేర్చితే ఓడలరేవు పడవ ప్రతి వేటకూ మోసుకెళ్లే డీజిల్ తగ్గుతుంది.