చిన్న ఫోనులో ర్యామ్ పొదుపు



చేవెళ్ల, మొయినాబాదు మండలములలో టమాట, క్యారెట్ పండించువారును, పాలీహౌసులలో గులాబి, జెర్బెరా పెంచువారును నేడు మార్కెట్ ధరలు, వాతావరణ సూచనలు ఫోనులోనే చూచుకొనుచున్నారు. అయితే ఒక ఇబ్బంది తరచుగా వినబడుచున్నది. ఫారములో పంటనష్టము వివరములన్నియు నింపి, ఫోటో తీయుటకు కెమెరా తెరచి మరలి వచ్చుసరికి నింపినదంతయు పోవును. ఇది రైతు పొరపాటు కాదు. ఫోనులో పనిచేయు చోటు చాలకపోవుటయే సాధారణముగా దీనికి కారణము.

కల్లము వేరు, గాదె వేరు

ఫోటోలు, పాటలు దాచు నిల్వ గాదె వంటిది. ర్యామ్ కల్లము వంటిది. జరుగుచున్న పని అంతయు అక్కడనే జరుగును. గాదెలో నాలుగు బస్తాలు తీసివేసినంత మాత్రమున కల్లము వెడల్పు కాదు. అట్లే పాత ఫోటోలు తుడిచివేసినందున ర్యామ్ పెరుగదు.

1 లేక 2 జి.బి. ర్యామ్ గల ఫోనులో కొంత భాగమును ఫోను నడుపు వ్యవస్థయే తీసికొనును. మిగిలిన చోటు చాలనప్పుడు, తెరపై లేని యాప్‌ను ఆండ్రాయిడ్ తనంతట తానే మూసివేయును. కెమెరా తెరచినపుడు మీ ఫారము పోవుట ఇందువలననే.

ఫోటో బరువు

12 మెగాపిక్సెల్ ఫోటోలో 1 కోటి 20 లక్షల చుక్కలుండును. నిల్వలో అది కుదించబడి కొద్ది ఎం.బి.లే ఆక్రమించును. పూర్తిగా విప్పినచో చుక్కకు 4 బైట్ల చొప్పున 48 ఎం.బి. ర్యామ్ కావలెను. పొడవు, వెడల్పు సగము చేసినచో 12 ఎం.బి. చాలును.

చేయవలసిన పనులు

1. ముందుగా ఫోటో తీసి, పిదప ఫారము తెరవుడు. సర్వే నంబరు, విస్తీర్ణము కాగితముపై వ్రాసి ఉంచుకొనుడు.
2. కెమెరా సెట్టింగులలో వీలున్నచో ఫోటో పరిమాణము తగ్గించుడు.
3. వాడని యాప్‌లను తొలగించుడు. తీసివేయుటకు వీలుకాని వానిని నిలిపివేయుడు.
4. కదలు వాల్‌పేపర్లు, బ్రౌజరులో తెరచి వదలిన పుటలు మూసివేయుడు.
5. ర్యామ్ శుభ్రపరచుదుమని చెప్పు యాప్‌లు వేసికొనవద్దు. అవియును ర్యామ్‌నే తినును.
6. ముఖ్యమైన పనికి ముందు ఫోనును ఒకసారి ఆపి, మరల వెలిగించుడు.

గ్రామాధికారులకు మనవి

1 జి.బి. లేక అంతకు తక్కువ ర్యామ్ గల ఫోనుల కొరకే 2017లో గూగుల్ సంస్థ ఆండ్రాయిడ్ గో అను తేలిక వ్యవస్థను తెచ్చినది. యాప్‌లు కూడ అట్లే తేలికగా ఉండవలెను. నింపిన ప్రతి గడి వెంటనే నిల్వలో భద్రమగునట్లును, ఫోటో కావలసినంత చిన్నదిగానే విప్పబడునట్లును యాప్ చేయువారు ఏర్పాటు చేయవలెను. గ్రామములలో ఎదురగు చిక్కులను ఫోను రకము, ర్యామ్ వివరములతో పై అధికారులకు వ్రాసి పంపినచో సవరణ సులభమగును.

ఇన్ని చేసినను యాప్ నడువనిచో నిరాశ పడవద్దు. సేద్యపు సలహాకు ఏ చిన్న ఫోను నుండి అయినను కిసాన్ కాల్ సెంటరుకు 1800-180-1551 నంబరుపై మాటలాడవచ్చును. పంటనష్టము విషయమై గడువు దాటకముందే మీ వ్యవసాయ విస్తరణాధికారిని కలిసికొనుడు.