డెట్రాయిట్‌కు కారు నేర్పిందెవరు?

ఒక ప్రాంతం బాగుపడాలంటే ఒకే పరిశ్రమను పట్టుకుని, ఆ కోవకు చెందిన కంపెనీలన్నిటినీ ఒకచోట చేర్చాలన్నది చాలామంది నమ్మకం. అమెరికా పేరెత్తితే ఇదే లెక్క వినిపిస్తుంది: సినిమాకు హాలీవుడ్, కార్లకు డెట్రాయిట్, కంప్యూటర్లకు సిలికాన్ వ్యాలీ. ఈ నమ్మకానికి ఆధారం లేకపోలేదు. ఒకే పని చేసేవాళ్లు ఇరుగుపొరుగున ఉంటే పనిలోని మెళకువలు ఒకరి నుంచి ఒకరికి ఇట్టే అబ్బుతాయని ఆర్థికవేత్త ఆల్ఫ్రెడ్ మార్షల్ 1890లోనే రాశారు. అది నిజం. అదొక్కటే నిజమనుకోవడమే అపోహ. చేస్తున్న పనిని ఇంకాస్త బాగా చేయడం సొంత పరిశ్రమవాళ్ల దగ్గర నేర్చుకోవచ్చు. అంతకుముందు లేని పని పుట్టాలంటే మాత్రం తరచుగా పక్క పరిశ్రమ చేయి పడాల్సిందే. నగరాల ఆర్థిక జీవితం మీద రచయిత్రి జేన్ జేకబ్స్ 1969లో వాదించింది ఇదే. ఎడ్వర్డ్ గ్లేజర్, మరో ముగ్గురు ఆర్థికవేత్తలు 170 అమెరికా నగరాల్లో 1956 నుంచి 1987 దాకా పెద్ద పరిశ్రమలు ఎలా పెరిగాయో పరిశీలించి 1992లో ఫలితాలు ప్రచురించారు. రకరకాల పరిశ్రమలు కలగలిసి, స్థానికంగా పోటీ ఉన్నచోటే ఉద్యోగాలు బాగా పెరిగాయి. ఒకే పరిశ్రమ మీద ఆధారపడిన చోట ఆ ఊపు కనిపించలేదు.

దీనికి ఎదురు చెప్పేవాళ్లు ముందు చూపించేది డెట్రాయిట్‌నే. కార్లనే నమ్ముకుని అది అంత ఎత్తుకు ఎదగలేదా అంటారు. ఎదిగిన తీరు దగ్గర్నుంచి చూస్తే ఆ ఉదాహరణ వాళ్లకే అడ్డం తిరుగుతుంది. కాడిలాక్ కార్ల కంపెనీని తీర్చిదిద్దిన హెన్రీ లేలండ్ తొలిరోజుల్లో పనిచేసిన చోట్లలో ఒకటి స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధ కర్మాగారం. ఒక తుపాకీ విడిభాగం మరో తుపాకీలో సరిగ్గా కూర్చునేలా కచ్చితమైన కొలతలకు చెక్కడం అక్కడి విద్య. తర్వాత ప్రావిడెన్స్‌లోని బ్రౌన్ అండ్ షార్ప్ కంపెనీలో కుట్టుమిషన్ల తయారీ చూసుకున్నారు. 1890లో డెట్రాయిట్ చేరి యంత్రాల వర్క్‌షాప్ పెట్టారు. 1908లో ఇంగ్లండ్‌లోని బ్రూక్‌లాండ్స్‌లో మూడు కాడిలాక్ కార్లను ఊడదీసి, భాగాలన్నీ కలిపేసి, కొన్నిటిని తీసేసి వాటి బదులు దుకాణంలో ఉన్నవి పెట్టి, మళ్లీ మూడు కార్లుగా బిగించారు. అవి ఒక్కొక్కటీ 500 మైళ్లు నడిచాయి. ఆకురాయితో అరగదీస్తే తప్ప ఒక కారు భాగం ఇంకో కారుకు అతకని రోజులవి. ఆ పరీక్ష నెగ్గింది తుపాకుల కొలిమిలో పుట్టిన విద్య.

ఫోర్డ్ కథా అలాంటిదే. 1913లో హైలాండ్ పార్క్ ఫ్యాక్టరీలో ఇంజన్‌కు నిప్పురవ్వ ఇచ్చే మాగ్నెటోను మొదటినుంచి చివరిదాకా ఒకే కార్మికుడు బిగిస్తే సుమారు 20 నిమిషాలు పట్టేది. పనిని 29 ముక్కలు చేసి, మనుషులను నిలబెట్టి వస్తువును వాళ్ల ముందు కదిలిస్తే 13 నిమిషాల 10 సెకన్లకు వచ్చింది. కార్మికులు వంగనవసరం లేకుండా ఎత్తు సవరించి, వేగం సర్దాక చివరికి 5 నిమిషాలకు దిగింది. ఈ ఆలోచనకు మూలం షికాగో మాంసం కర్మాగారాలని హెన్రీ ఫోర్డ్ తానే రాసుకున్నారు. అక్కడ పశువు కళేబరం పైన వేలాడుతూ కదులుతుంది, ఒక్కో మనిషి ఒక్కో ముక్క కోస్తాడు. డెట్రాయిట్‌లో అదే వరసలో ఒక్కో మనిషి ఒక్కో ముక్క తగిలించాడు. కార్ల కంపెనీలన్నీ ఒకరినొకరు ఎంత చూసుకున్నా ఇది దొరికేది కాదు. చుట్టుపక్కల గుర్రపుబగ్గీలు, పడవ ఇంజన్లు చేసేవాళ్లు తెచ్చిన నేర్పు దీనికి అదనం.

తర్వాత నగరం మూడు పెద్ద కార్ల కంపెనీల చుట్టూ బిగుసుకుంది. సొంతంగా బతికే చిన్న వర్క్‌షాపులు పలచబడ్డాయి. 1950లో 18 లక్షలు దాటిన జనాభా పడిపోతూ వచ్చి, 2013లో నగరపాలన దివాలా తీసింది. జాతి వివక్ష, శివారులకు వలస, విదేశీ కార్ల పోటీ కూడా ఇందులో ఉన్నాయి. నెపమంతా ఒకే పరిశ్రమ మీద వేయడం న్యాయం కాదు. కానీ కార్లు తగ్గినప్పుడు ఆ నేర్పును అందుకుని మరోదారి పట్టించే పరిశ్రమలు ఊళ్లో తగినన్ని మిగల్లేదు. స్థిరపడిన పరిశ్రమలకు ఒకచోట కూడి ఉండడమే మేలని ఆర్థికవేత్త వెర్నన్ హెండర్సన్, ఆయన సహచరులు 1995లో చూపించిన మాట నిజమే. అదే అధ్యయనంలో కొత్త హైటెక్ పరిశ్రమలు వైవిధ్యం ఉన్న నగరాల్లోనే వేళ్లూనుకుంటున్నట్లు తేలింది. ఏ ప్రాంతమైనా ఇవాళ్టి జీతాలతో పాటు రేపటి పరిశ్రమనూ కోరుకోవాలి.

ఇక పుస్తకాలు, ఇంటర్నెట్ ఉండగా దూరం ఒక లెక్కా అనే అపోహ. పేటెంట్ పత్రం అందరికీ తెరిచి ఉంచే కాగితం. అయినా కొత్త పేటెంట్లు ఆధారంగా చూపించేవాటిలో అదే ప్రాంతంలో పుట్టినవి అనుకున్నదానికంటే ఎక్కువని ఆర్థికవేత్తలు ఆడమ్ జాఫీ, మాన్యుయెల్ ట్రాచ్‌టెన్‌బర్గ్, రెబెకా హెండర్సన్ 1993లో తేల్చారు. అది ఇంటర్నెట్‌కు ముందు కాలం కదా అనొచ్చు. అప్పుడూ ఆ కాగితం ఎవరైనా తెప్పించుకోగలిగిందే. కాగితంలో రాయనిదేదో ఉంది: ఎక్కడ దెబ్బతిన్నారు, ఏ దారి వదిలేశారు, ఏ కొలత కుదిరింది. అది మనిషి వెంట నడుస్తుంది.

అందుకే మనుషులను కదలనీయకపోతే పక్కపక్కన ఉన్నా లాభం లేదు. ఉద్యోగి వెళ్లిపోతే కంపెనీ తెలివి దోపిడీ అయినట్లేనని, ప్రాంతానికీ నష్టమేనని నమ్మేవాళ్లు మిషిగన్ అనుభవం చూడాలి. మానేసిన ఉద్యోగి పోటీ కంపెనీలో చేరకూడదనే నాన్‌కాంపీట్ ఒప్పందాలు 1905 నుంచి అక్కడ చెల్లేవి కావు. కార్ల పరిశ్రమ ఎదిగింది ఆ చట్టం నీడలోనే. 1985లో గుత్తాధిపత్య నిరోధక చట్టాల సంస్కరణలో ఆ నిషేధం అనుకోకుండా రద్దయింది. ఆ తర్వాత పేటెంట్లున్న ఆవిష్కర్తలు ఉద్యోగం మారడం, ఆ ఒప్పందాలను అమలు చేయని ఇతర రాష్ట్రాలతో పోలిస్తే సుమారు 8 శాతం తగ్గిందని పరిశోధకులు మాట్ మార్క్స్, డెబొరా స్ట్రమ్‌స్కీ, లీ ఫ్లెమింగ్ 2009లో చూపించారు. కొందరు ఏకంగా రాష్ట్రమే వదిలి, ఆ ఒప్పందాలు చెల్లని చోటికి వెళ్లారు. రక్షణ లేకపోతే పరిశోధన మీద డబ్బెవరు పెడతారన్న ప్రశ్న తేలిగ్గా తీసేయాల్సింది కాదు. కానీ కాలిఫోర్నియాలో అలాంటి ఒప్పందాలు 1872 నుంచే చెల్లవు. అక్కడ పరిశోధన ఆగిపోలేదు. వ్యాపార రహస్యాలను కాపాడే చట్టం విడిగా ఉంది. రహస్యాన్ని కాపాడటం ఒకటి, మనిషిని కట్టేయడం ఇంకొకటి.

ఇలా కదలలేకపోవడం అమెరికాలోని తెలుగు కుటుంబాలకు అనుభవంలో ఉన్న విషయమే. హెచ్‌-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్న ఇంజనీర్ కంపెనీ మారాలంటే కొత్త యజమాని మళ్లీ దరఖాస్తు పెట్టాలి. ఉద్యోగం పోతే మరొకటి చూసుకోవడానికి మహా అయితే 60 రోజుల గడువు. ఏటా ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశంవాళ్లకు 7 శాతం మించకూడదన్న పరిమితి వల్ల గ్రీన్‌కార్డు కోసం ఏళ్లకేళ్లు కాచుకోవాలి. ఆఖరి దశలో కంపెనీ మారే వీలున్నా, కొత్త ఉద్యోగం పాతదానిలాంటి వృత్తే అయి ఉండాలని చట్టం. ఈ ఇబ్బందిని వలస వచ్చినవాళ్ల సొంత గోడుగా లెక్కగడుతున్నారు. సాఫ్ట్‌వేర్‌లో పదేళ్లు పండిన మనిషి ఒహాయోలో ఒక పనిముట్ల వర్క్‌షాప్‌లో భాగస్వామిగా చేరడానికో, సొంతంగా కొత్త పని మొదలుపెట్టడానికో జంకి ఉన్నచోటే ఉండిపోతే, నష్టపోయేవాళ్లలో ఆ ఒహాయో పట్టణం కూడా ఉంటుంది. తనకు రాకుండా పోయిందేమిటో ఆ ఊరికి తెలిసే దారే లేదు.