ముష్టిఘాతం: మహిమ ఎంత, నిజం ఎంత?

మానవుడు ఆయుధాన్ని కనుగొనక పూర్వమే అతనికి పిడికిలి ఉన్నది. కనుకనే వట్టి చేతులతో శత్రువును పడగొట్టిన వీరుల కథలు లేని జాతి అరుదు. భీముని ముష్టిఘాతాన్ని గురించి, రుస్తుం బాహుబలాన్ని గురించి వింటూ పెరిగిన మనం వెండితెర మీద కరాటే వీరుని చూచి ముగ్ధులం కావడంలో ఆశ్చర్యం లేదు. అయితే ఆ ముగ్ధత్వం నమ్మకంగా మారినప్పుడే చిక్కు వస్తున్నది. ఒక్క దెబ్బకు ఎన్ని ఇటుకలైనా పగులుతాయనీ, ఒక్క వ్రేలి స్పర్శతో మనిషి ప్రాణం తీయవచ్చుననీ, ఆ స్పర్శ ఫలితం కొన్ని రోజుల తరువాత కూడ కనిపించగలదనీ విద్యార్థులలో పలువురు తలుస్తున్నారు. ఇందులో నిజమెంత, కల్పన ఎంత అని విచారించడం కేవలం కుతూహలం కొరకు కాదు. కథను నమ్మి ఇటుక మీద చెయ్యి విరుగగొట్టుకొనేవారూ, వేడుకకు మిత్రుని రొమ్ము మీద గుద్దేవారూ కళాశాల వయసు యువకులే.

ముందుగా కథ ఎలా పుడుతుందో చూద్దాం. 1973 జులై 20వ తేదీన బ్రూస్ లీ హాంకాంగులో మరణించాడు. అప్పటికి అతని వయస్సు 32 సంవత్సరాలు మాత్రమే. అతనికి ప్రపంచ ఖ్యాతిని తెచ్చిన 'ఎంటర్ ది డ్రాగన్' అమెరికాలో విడుదలైంది ఆ తరువాతి నెలలో. మెదడు వాచుటయే మరణకారణమని వైద్యులు తేల్చారు. కాని అంతటి బలశాలి ఇంత సాధారణంగా మరణించాడని అభిమానుల మనస్సు అంగీకరించలేదు. ఎవరో శత్రువు రహస్యంగా మృత్యుస్పర్శను ప్రయోగించాడన్న వదంతి పుట్టింది. చైనా యుద్ధవిద్యల కథలలో 'డిమ్ మాక్' అనే పేరుతో ఈ స్పర్శ ప్రసిద్ధం. అమెరికాలో కౌంట్ డాంటే అనే పేరు పెట్టుకొన్న ఒక వ్యక్తి ఈ రహస్యాలను బోధిస్తానంటూ బొమ్మల కథల పుస్తకాలలో ప్రకటనలిచ్చి చిన్న పుస్తకాలను విక్రయించాడు. ఈ విధంగా కథ వర్తకానికి కూడ పనికి వచ్చింది.

మన దేశంలో మాత్రం మర్మస్థానాల జ్ఞానం లేదా అని ఎవరైనా ప్రశ్నింపవచ్చు. ఉన్నది. సుశ్రుత సంహిత మానవ శరీరంలో 107 మర్మాలను పేర్కొన్నది. కేరళ కళరిపయట్టులోనూ మర్మవిద్య ఒక భాగం. అయితే సుశ్రుతుడు శస్త్రవైద్యుడన్న సంగతి మరువరాదు. ఎక్కడ గాయమైతే ప్రాణాపాయమో తెలిసినవాడే ఆ చోటును కాపాడుతూ శస్త్రాన్ని నడుపగలడు. కళరిలో సైతం మర్మం ఎరిగిన గురువు చికిత్స కూడ ఎరిగి ఉండాలన్నది సంప్రదాయం. అనగా ఈ జ్ఞానం చంపుటకు ఎంతగా చెప్పబడినదో, కాపాడుటకు అంతకంటె ఎక్కువగా చెప్పబడినది.

ఇక శాస్త్రం ఏమి చెబుతున్నదో పరిశీలిద్దాం. కరాటే దెబ్బను ప్రయోగశాలలో కొలిచినవారిలో రొనాల్డ్ మెక్‌నైర్ ముఖ్యుడు. అమెరికాలోని దక్షిణ కెరొలినా రాష్ట్రంలో ఒక చిన్న ఊరిలో 1950లో పుట్టిన ఈ నల్లజాతి బాలునికి, తొమ్మిదేళ్ల వయసులో, ఆ ఊరి గ్రంథాలయంలో జాతి కారణంగా పుస్తకాలు ఇవ్వ నిరాకరించారు. ఆ బాలుడే పెరిగి ఎం.ఐ.టి.లో 1976లో భౌతికశాస్త్రంలో డాక్టరేటు పొందాడు, కరాటేలో ఐదవ శ్రేణి నల్లపట్టీని సాధించాడు, వ్యోమగామి అయ్యాడు. 1986 జనవరి 28న ఛాలెంజర్ నౌక ప్రమాదంలో అసువులు బాశాడు. ఆయనకు పుస్తకాలు నిరాకరించిన ఆ పాత గ్రంథాలయ భవనం నేడు ఆయన పేరనే స్మారక కేంద్రంగా నిలిచి ఉన్నది.

మెక్‌నైర్ తన ఆచార్యుడు మైకేల్ ఫెల్డ్‌తోను, స్టీఫెన్ విల్క్‌తోను కలిసి 1979లో 'సైంటిఫిక్ అమెరికన్' పత్రికలో కరాటే భౌతికశాస్త్రాన్ని వివరించాడు. వారి లెక్క ప్రకారం ఒక కొయ్య పలకను విరుచుటకు చెయ్యి సెకనుకు సుమారు 6 మీటర్ల వేగంతోను, కాంక్రీటు పలకను విరుచుటకు సుమారు 11 మీటర్ల వేగంతోను తగలాలి. క్రమశిక్షణతో అభ్యసించినవానికి ఈ వేగం అసాధ్యం కాదు. ఎముక కాంక్రీటు కంటె ఎన్నో రెట్లు అధికమైన ఒత్తిడిని తట్టుకొంటుంది. పైగా చర్మం, కండరాలు, కీళ్లు ఆ ఒత్తిడిని పంచుకొంటాయి. చెయ్యి పూర్తిగా చాచకముందే, సుమారు ముప్పాతిక వంతు చాచినప్పుడు, దాని వేగం గరిష్ఠంగా ఉంటుంది. కనుకనే గురువు పలక పైభాగాన్ని కాక, పలకకు ఆవలనున్న చోటును గురిచూడమంటాడు. పలక దగ్గర ఆగవలెనని తలచిన చెయ్యి అక్కడికి చేరకముందే మందగిస్తుంది.

ప్రదర్శనలలో మరికొన్ని మెలకువలు కూడ ఉంటాయి. కొయ్య పలకను దాని నార వెంబడి విరుస్తారు. అడ్డంగా విరుచుట చాల కష్టం. పలకలను రెండు చివరలా ఆనించి నడుమ ఖాళీ వదలుతారు. పలకకూ పలకకూ మధ్య చిన్న చెక్కముక్కలు ఉంచితే, పైది విరిగి క్రిందిదాని మీద పడి దానిని విరుచుటకు తోడ్పడుతుంది. ఆ సందులు లేకుండ ఒకదానిపై ఒకటి అంటించి పేర్చినప్పుడు అదే పని ఎన్నో రెట్లు కఠినమౌతుంది. ఇది మోసమని మనం అనరాదు. ఇందులో అభ్యాసం, ధైర్యం రెండూ ఉన్నాయి. మహిమ మాత్రం లేదు. పలక విరిగితే చేతికి గాయం తక్కువ. విరగకపోతే ఆ దెబ్బ అంతా చేతికే తిరిగి వస్తుంది. అభ్యాసం లేనివారు గోడను గ్రుద్దినప్పుడు చిటికెన వ్రేలి మూలంలోని ఎముక విరుగుట వైద్యులందరూ ఎరిగినదే.

1964లో అమెరికాలోని లాంగ్ బీచ్ పోటీలలో బ్రూస్ లీ ప్రదర్శించిన 'ఒక అంగుళపు దెబ్బ' కూడ ఇట్టిదే. ఎదుటివాని రొమ్ముకు అంగుళం దూరంలో ఉంచిన పిడికిలితో అతనిని వెనుకకు విసరి కుర్చీలో పడవేశాడు. చూచినవారికి అది చేతి దెబ్బగా తోచింది. నిజానికి అది పాదంలో పుట్టి, మోకాలు, నడుము, భుజం, మోచేయి మీదుగా మణికట్టును చేరిన బలం. వీటన్నిటిని రెప్పపాటులో ఒకే వరుసలో కదల్చుటయే అక్కడి విద్య. అయినను మనిషిని వెనుకకు తోయుట వేరు, గాయపరచుట వేరు. క్రికెట్ బంతిని పట్టేవాడు చేతులు వెనుకకు తీసుకొంటే నొప్పి తగ్గుతుంది. అదే బంతి గట్టిగా నిలిపిన చేతికి తగిలితే వ్రేలు విరుగవచ్చును. బలం పనిచేసే కాలం ఎంత తక్కువైతే గాయం అంత ఎక్కువ.

ముష్టియుద్ధంలో ఈ బలమెంతో కూడ కొలిచారు. 1985లో బ్రిటిష్ శాస్త్రజ్ఞులు ఫ్రాంక్ బ్రూనో అనే భారీ తరగతి బాక్సరు దెబ్బను పరీక్షించారు. పిడికిలి వేగం సెకనుకు 8.9 మీటర్లు, తగిలిన బలం 4,096 న్యూటన్లు, అనగా 400 కిలోలకు పైబడిన బరువు. మెత్త చుట్టిన ఆరు కిలోల కొయ్య సుత్తిని గంటకు సుమారు 32 కిలోమీటర్ల వేగంతో విసరినట్లని వారు పోల్చారు. గడ్డం మీద ఇట్టి దెబ్బ తగిలినప్పుడు తల హఠాత్తుగా తిరుగుతుంది. లోపలి మెదడు ఆ కుదుపునకు లోనై స్పృహ తప్పుతుంది. 1965లో మహమ్మద్ అలీ తొలి రౌండులోనే సానీ లిస్టన్‌ను పడగొట్టిన దెబ్బ ఎంత చురుకైనదంటే, చూచినవారిలో అనేకులకు అది కనబడనే లేదు. కనుక దానిని 'మాయదెబ్బ' అన్నారు. చలనచిత్రాన్ని మెల్లగా నడిపి చూస్తే ఆ కుడిచేయి తగులుట కనిపిస్తుంది. స్పృహ తప్పుట వీరగాథకు ముగింపు కావచ్చు; వైద్యునికి మాత్రం అది మెదడుకు తగిలిన గాయం.

అట్లయితే మృత్యుస్పర్శ పూర్తిగా అబద్ధమేనా? ఇక్కడే మనం మిక్కిలి జాగ్రత్తగా ఆలోచించాలి. రోజుల తరువాత ప్రాణం తీసే రహస్య స్పర్శకు శాస్త్రంలో ఆధారం లేదు. కాని రొమ్ము మధ్య, గుండె ఉన్న చోట, ఒక మోస్తరు దెబ్బ గుండెను ఆపగలదు. వైద్యులు దీనిని 'కమోషియో కార్డిస్' అంటారు. ప్రతి హృదయ స్పందనలోను సెకనులో సుమారు యాభయ్యో వంతు మాత్రమే ఉండే ఒక బలహీన క్షణం ఉన్నది. సరిగా ఆ క్షణంలో దెబ్బ తగిలితే గుండె లయ తప్పి కేవలం వణకుతుంది, రక్తప్రసారం నిలిచిపోతుంది. గుండెలో ఏ జబ్బూ లేని బాలురకు సైతం, బంతి తగిలి ఇట్లు జరిగిన సందర్భాలు ఉన్నాయి. ఆ క్షణాన్ని గురిచూచి కొట్టుట ఏ గురువుకూ సాధ్యం కాదు. కనుక అది విద్య కాదు, ప్రమాదం. విద్య కానందుననే అది ఏ విద్యా రానివాని చేతిలోనూ జరుగవచ్చును. కథ చెప్పిన శక్తి అబద్ధం. కథ మరుగుపరచిన అపాయం నిజం.

దీనికి ప్రతిక్రియ కూడ ఉన్నది. 2023 జనవరి 2న అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు డామర్ హామ్లిన్ రొమ్ముకు దెబ్బ తగిలి మైదానంలో కుప్పకూలాడు. వైద్య సిబ్బంది వెంటనే రొమ్మును అదుముతూ సి.పి.ఆర్. చేశారు, విద్యుత్ ఘాతంతో గుండె లయను సరిచేశారు. అతడు బ్రతికి, అదే సంవత్సరం తిరిగి ఆడాడు. మన రాష్ట్రాలలో 108కి ఫోను చేసి, వాహనం వచ్చేవరకు రొమ్ము మధ్య రెండు చేతులతో, పెద్దవారికైతే సుమారు రెండంగుళాలు దిగేటట్లు, నిమిషానికి 100 నుండి 120 సార్లు బలంగా అదుముట ఎవరైనా నేర్వదగినది. చేతికి ప్రాణం తీసే రహస్యం ఉన్నదో లేదో కాని, ప్రాణం నిలిపే విద్య మాత్రం ఉన్నది.

యుద్ధవిద్యలు వద్దని మన అభిప్రాయం కాదు. ఒకినావా నుండి 1922లో టోక్యోకు కరాటేను తెచ్చిన గిచిన్ ఫునాకోషి, వ్రేళ్లతో ఎదుటివాని ప్రక్కటెముకలు పెరికివేయవచ్చునన్న కథలను తన ఆత్మకథలో తానే తోసిపుచ్చాడు. ఆయన కోరినది శీలం, అభ్యాసం. అంత దూరం పోనేల? నిజామాబాదు బిడ్డ నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లోను, 2023లో న్యూఢిల్లీలోను ప్రపంచ బాక్సింగు విజేతగా నిలిచింది. ఆ రెండు తుది పోటీలలోను ఆమె గెలుపు ఒక్క మాయదెబ్బతో వచ్చినది కాదు. రౌండు వెంట రౌండు ఓర్పుతో పోరాడి, న్యాయనిర్ణేతల తీర్పు 5–0గా పొందినది.

కనుక విద్యార్థులు ఈ విద్యలను నేర్వదలచితే తగిన గురువును ఆశ్రయించాలి. రహస్యాలను వాగ్దానం చేసేవానిని కాక, రక్షణ కవచాలు ధరించనిదే బరిలోకి దిగనీయని వానిని గురువుగా ఎంచుకోవాలి. వేడుకకైనా మిత్రుని రొమ్ము మీద, తల మీద, మెడ మీద కొట్టరాదు. కళాశాల కమిటీవారు సైతం వ్యాయామ శిక్షణతోపాటు సి.పి.ఆర్. శిక్షణకు ఒక దినం కేటాయించిన యెడల, ఆ దినం వృథా కాదని మన విశ్వాసం.