బడిలో పిల్లల ఫొటోలు: అంగీకార పత్రం తెలుగులో అడుగుదాం

'అ అంటే అరటి' అని నల్లబల్ల మీద రాసి చూపడం ఒక పద్ధతి. పెరట్లోని అరటిచెట్టును ఫోనులో తీయించి, దాని కింద పేరు రాయించడం ఇంకో పద్ధతి. రెండోది పిల్లలకు తొందరగా పట్టుబడుతుంది. తెలుగు పుస్తకాలు సులువుగా దొరకని మన రాష్ట్రాల్లో, ఇలా తరగతిలోనే తయారయ్యే ఆన్‌లైన్ బొమ్మల పుస్తకం టీచరుకు పెద్ద ఆసరా.

చిక్కల్లా చెట్టు పక్కన పిల్లవాడి ముఖం చేరినప్పుడే.

ఫొటో ఎలా బయటికి పోతుంది?

గూగుల్ ఫొటోస్‌లో ఆల్బమ్ చేసి లింకు ద్వారా పంచితే, ఆ లింకు చేతికందిన ఎవరైనా దాన్ని తెరవగలరు. తరగతి గ్రూపులో లేనివారికి ఒక్కరు ఫార్వర్డ్ చేసినా చాలు. ఫోను కెమెరాలో లొకేషన్ ఆన్‌లో ఉంటే, తీసిన చోటు, తేదీ, సమయం ఫొటో ఫైలులోనే నమోదవుతాయి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే ఈ వివరాలు సాధారణంగా తొలగిపోతాయి. డాక్యుమెంటుగా పంపితే ఫొటోతో పాటే వెళ్తాయి.

మనకు మరో ఇబ్బంది ఉంది. మన తెలుగు తరగతులు చాలాచోట్ల చిన్నవి. బరంపురమైనా, సోలాపూర్ అయినా, హోసూరైనా, ఊరి పేరు, 'తెలుగు తరగతి' అన్న మాట, పిల్లవాడి ఇంటిపేరు కలిస్తే ఆ కుటుంబం ఏదో కనుక్కోవడం కష్టం కాదు.

బళ్లు ఫొటోలు ఎందుకు పెడతాయో మనకు తెలుసు. పిల్లలు తగ్గుతున్న చోట, తెలుగు తరగతి ఇంకా నడుస్తోందని నలుగురికీ చూపించుకోవాలి. మా పోర్టల్‌కు వచ్చే వార్తల్లోనూ బహుమతి అందుకున్న పిల్లల ఫొటోలు ఉంటాయి. ఈ జాగ్రత్త మాకూ వర్తిస్తుంది.

చట్టం ఏమంటోంది?

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పింది. ఆ కేసు వేసిన కె.ఎస్. పుట్టస్వామి కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి. ఆ తర్వాత 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. దాని ప్రకారం 18 ఏళ్లలోపు వారంతా పిల్లలే. వారి వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల అంగీకారం, అదీ సరిచూసుకోదగిన రీతిలో, ఉండాలి. నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. అంగీకారానికి సంబంధించిన ప్రధాన నిబంధనలకు అప్పటి నుంచి 18 నెలల గడువు ఇచ్చారు.

మనకు బాగా పనికొచ్చే అంశం ఒకటి ఇందులో ఉంది. అంగీకారం కోరే పత్రాన్ని ఇంగ్లీషులో గాని, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలోనైనా గాని చదువుకునే వీలు కల్పించాలి. తెలుగు ఆ 22లో ఒకటి. మనం ఏ రాష్ట్రంలో ఉన్నా ఇది వర్తిస్తుంది.

ఇది చిన్న విషయం కాదు. ఆంధ్ర నుంచి కోడలిగా వచ్చిన తల్లికి కన్నడమో, తమిళమో, ఒడియానో మాట్లాడటం వచ్చినా చదవడం రాకపోవచ్చు. బడి నుంచి వచ్చిన కాగితాన్ని పిల్లే చదివి చెబుతుంది, అమ్మ సంతకం పెడుతుంది. ఎవరి ఫొటో గురించి అడుగుతున్నారో ఆ పిల్లే దుబాసీ అన్నమాట.

టీచర్లు చేయగలిగినవి

ముఖం బదులు పిల్లల చేతులు, వేసిన బొమ్మ, రాసిన అక్షరాలు ఫొటో తీయండి. పేరు, ఇంటిపేరు జతచేయకండి. సొంత ఫోనులో కాక బడి ఖాతాలో దాచండి. ఏడాది చివర తీసేయండి. అంగీకరించని ఇంటి బిడ్డను పక్కన కూర్చోబెట్టకుండా, ఆ బిడ్డ గీసిన బొమ్మను ఆల్బమ్‌లో పెట్టండి.

తల్లిదండ్రులు అడగవలసినవి

ఫొటో ఎక్కడ పెడతారు? ఎవరు చూస్తారు? ఎప్పుడు తీసేస్తారు? ఒకసారి ఇచ్చిన అంగీకారాన్ని వెనక్కి తీసుకునే హక్కు కూడా చట్టంలో ఉంది.

బడిలో తెలుగు పత్రం లేకపోతే ఈ నాలుగు మాటలు రాసివ్వండి:

"మా బిడ్డ ఫొటోను తరగతి అవసరాలకు వాడుకోవచ్చు. బయట ఎక్కడైనా పెట్టే ముందు మమ్మల్ని అడగాలి. ఫొటోతో పాటు పేరు రాయకూడదు. విద్యా సంవత్సరం ముగిశాక తొలగించాలి."