రోటవేటరులో తుప్పుపట్టి బిగుసుకున్న బోల్టులను సడలించే విధానం

దమ్ము రోజుల్లో రోటవేటరు బ్లేడు అరిగితే దానిని మార్చడం పెద్ద పని కాదు. అయితే పాత యంత్రాల్లో బోల్టు కదలకపోవడం, పానాకు ఇనుప గొట్టం తొడిగి బలంగా లాగడం, చివరకు బోల్టు తెగిపోవడం తరచుగా జరుగుతుంటాయి. తెగిన ముక్కను డ్రిల్లుతో తొలిచి తీసేసరికి ఒక రోజు పోతుంది. ఈలోగా నారు ముదురుతుంది.

ఇనుము తుప్పుగా మారినప్పుడు దాని ఘనపరిమాణం రెండు రెట్లకు పైగా పెరుగుతుంది. నట్టు, బోల్టుల మరల మధ్య ఉన్న సన్నని ఖాళీని ఈ తుప్పు నింపి, రెంటినీ గట్టిగా పట్టివేస్తుంది. బురద తేమ, మ్యూరేట్ ఆఫ్ పొటాష్‌లోని క్లోరైడు ఈ చర్యను వేగవంతం చేస్తాయి. కావున ముందు ఈ పట్టును విడగొట్టాలి. తిప్పడం ఆ తరువాతి పని.

ఇంజన్ ఆపి, పి.టి.ఓ. షాఫ్టును విడదీసి, రోటవేటరు కింద గట్టి దిమ్మెలు అమర్చాలి. హైడ్రాలిక్ లిఫ్టును మాత్రమే నమ్మి యంత్రం కిందకు వెళ్లరాదు. మరలపై మట్టిని వైరు బ్రష్షుతో తొలగించి, తుప్పు వదిలించే పలుచని నూనె వేసి రాత్రంతా ఉంచాలి. గ్రామాల్లో వాడే డీజిల్, కిరోసిన్ కూడా కొంతవరకు లోపలికి ఇంకుతాయి. చిక్కని ఇంజన్ ఆయిల్ పైనే నిలిచిపోతుంది. తరువాత బోల్టు తలపై సుత్తితో పలుమార్లు తట్టితే ఆ అదురుకు తుప్పు చిట్లి, నూనెకు దారి ఏర్పడుతుంది. చాలామంది వదిలివేసే మెట్టు ఇదే.

నట్టు మూలలు అరగకుండా సరైన కొలత గల రింగు పానానే వాడాలి. మొదట కొద్దిగా బిగించే వైపు, ఆపై వదులు చేసే వైపు తిప్పాలి. మళ్లీ బిగుసుకుంటే వెనక్కు తిప్పి నూనె వేయాలే తప్ప బలం పెంచరాదు.

అప్పటికీ కదలకపోతే వేడి చేయవచ్చు. నూనెను పూర్తిగా తుడిచి, బోల్టును కాక నట్టును వేడి చేయాలి. 16 మి.మీ. నట్టు ఉష్ణోగ్రత 300 డిగ్రీల సెల్సియస్ పెరిగితే లోపలి వ్యాసం దాదాపు 0.06 మి.మీ. పెరుగుతుంది. తుప్పు పట్టు విడిపోవడానికి తరచుగా ఈ మాత్రం చాలు. బేరింగులు, ఆయిల్ సీళ్ల సమీపంలో మంట వాడరాదు. తలపై 8.8 లేదా 10.9 అని ముద్ర ఉన్న బోల్టు ఎర్రగా కాలితే బలం కోల్పోతుంది. దాని స్థానంలో అదే గ్రేడు కొత్త బోల్టునే వేయాలి.

తిరిగి బిగించేటప్పుడు మరలకు గ్రీజు రాయడం మంచిది. అయితే గ్రీజు వల్ల ఒరిపిడి తగ్గి, అదే టార్కుకు బోల్టు ఎక్కువగా సాగుతుంది. అందువల్ల టార్కును కొంత తగ్గించి బిగించి, గంట సేపు దున్నిన తరువాత మరొకసారి పరీక్షించాలి.