నీలిచేతుల మామ్మ

వియత్నాం దేశంలో అద్దె మోటారు సైకిలుకు ‘సే ఓమ్’ అని పేరు. ‘సే’ అంటే బండి, ‘ఓమ్’ అంటే కౌగిలింత. తోలేవాణ్ణి వెనకనుంచి వాటేసుకుని కూర్చోవాలి గనుక ఆ పేరు వచ్చిందట. విని నవ్వుకున్నాను గాని, సాపా ఊరు దాటి లోయలోకి దిగే మొదటి మలుపులోనే ఆ పేరు ఎంత సార్థకమో తెలిసివచ్చింది. కుర్రవాడి నడుం గట్టిగా పట్టుకుని కళ్లు మూసుకున్నాను.

అది 2024 మే నెలాఖరు. మా కాలేజీకి వేసవి సెలవులు. చైనా సరిహద్దుకు దగ్గరగా, సుమారు పదిహేను వందల మీటర్ల ఎత్తున ఉంటుంది సాపా.

కళ్లు తెరిచేసరికి కొండంతా మెట్లు! మెట్టు మెట్టుకీ నీళ్లు, నీళ్లలో ఆకాశం. నేను గోదావరి డెల్టాలో పుట్టినవాణ్ణి. మా వైపు చేనంటే కనుచూపు మేర చదును. ఇక్కడ కొన్ని మళ్లు మా ఇంటి వసారా అంత వెడల్పయినా లేవు. పైనెక్కడో పుట్టిన ఊటను చిన్న కాలువల్లోంచీ, వెదురు గొట్టాల్లోంచీ తెచ్చి పై మడికి పెడతారు. అది నిండి కింది మడికి, అది నిండి ఆ కిందిదానికి. పై గట్టు తెగితే కిందివాడి చేనూ పోయినట్లే. చలి మూలంగా ఏడాదికి ఒక్కటే పంట. అప్పుడే నాట్లు మొదలవుతున్నాయి.

బండి తోలే కుర్రవాడు హ్మాంగ్ జాతివాడు. మొదటి అక్షరం మన ‘బ్రహ్మ’లోని ‘హ్మ’ లాంటిది. కొన్ని శతాబ్దాలుగా దక్షిణ చైనా నుంచి వలస వచ్చి కొండల పైభాగాన స్థిరపడిన వాళ్లు వీళ్లు. 2019 జనాభా లెక్కల్లో వియత్నాంలోనే దాదాపు పదమూడు లక్షల తొంభై వేలమంది తేలారు.

లావ్ చాయ్ అనే పల్లెలో వాళ్ల ఇంటికి తీసుకెళ్లాడు. మట్టినేల, మధ్య పొయ్యి, దూలాలకు మొక్కజొన్న కంకులు. అతని నాయనమ్మ చూరు కింద కూర్చుని, నారబట్ట మీద తేనెమైనంతో గీతలు గీస్తోంది. తరవాత ఆ బట్టను నీలిమందులో ముంచుతారు. మైనం ఉన్నచోట రంగు అంటదు. మన కలంకారీ వాళ్లూ మైనం వాడతారు గదా అనుకున్నాను. మామ్మ చేతులు మణికట్ల దాకా నీలం.

వృత్తిధర్మం ఊరుకోదు గదా! “మామ్మగారికి చదువు వచ్చునా?” అని అడిగాను. కుర్రవాడు ఆమె భాషలో చెప్పాడు. మామ్మ పకపకా నవ్వి ఏదో అంది.

“ఈయనకు నాట్లు వెయ్యడం వచ్చునా అని అడుగుతోంది సార్!”

రాదని ఒప్పుకున్నాను.

అప్పుడు చెప్పిందామె. తమకూ పూర్వం పుస్తకాలుండేవట. శత్రువులు తరుముకొస్తే పారిపోతూ నది దాటేటప్పుడు అవి పోయాయట. కాదు, గుర్రాలు తినేశాయని మరి కొందరంటారు. పోయినవాటిని ఆడవాళ్లు బట్టల మీద దాచారని వాళ్ల నమ్మకం. మనిషి పోతే, ఆత్మ తాను బతికిన ఊళ్లన్నీ ఒక్కొక్కటే దాటుకుంటూ పుట్టినచోటికి చేరేందుకు దారి చూపే పాట పాడతారు. కాగితం లేకుండా, గంటల తరబడి. 1959లో షాంగ్ లూ యాంగ్ అనే రైతు, తనకు చదవడం రాయడం రాకపోయినా, ఆ భాషకు ఒక లిపినే కల్పించాడు!

నా చూపు మాత్రం మామ్మ నీలిచేతుల మీదనే ఉంది. నన్ను కాలేజీలో చేర్పించిన నాడు అప్లికేషను మీద మా అమ్మ బొటనవేలి ముద్ర వేసింది. సిరా అంటిన ఆ వేలు ఇలాగే నీలంగా ఉంది. పక్కనున్న కుర్రాళ్లు చూస్తారేమోనని కాగితం మడిచేశాను. అమ్మ చూసింది. ఏమీ అనలేదు. వేలు కొంగుకు తుడుచుకుంది.

ఆమెకు నాట్ల పాటలు ఎన్నో వచ్చు. నేను తెలుగు ఎమ్మే చదివాను, పిల్లలకు జానపద సాహిత్యం పాఠం చెబుతున్నాను. అమ్మ పాట ఒక్కటీ రాసుకోలేదు. ఎనిమిదేళ్ల కిందట ఆమెతోపాటే అవీ వెళ్లిపోయాయి. మా పుస్తకాన్ని ఏ నదీ ముంచలేదు, ఏ గుర్రమూ తినలేదు. నేనే పారేశాను.

“మామ్మ పాటలు నువ్వేమైనా రాసుకున్నావా?” అన్నాను తిరిగి వచ్చేటప్పుడు.

కుర్రవాడు బండి ఆపి జేబులోంచి ఫోను తీశాడు. మామ్మ గొంతు వినిపించింది. మధ్యలో కోడికూత, పొయ్యిలో కట్టెల చిటపట. “ఇంకా చాలా ఉన్నాయి సార్. పని తీరినప్పుడల్లా పట్టుకుంటున్నాను” అన్నాడు.

చదువరులారా, మీ ఇంట్లో వేలిముద్ర వేసే పెద్దవారెవరైనా ఉన్నారా? ఈ పత్రిక పక్కన పెట్టి, వెళ్లి వారి దగ్గర కూర్చోండి. పాట అడగండి.